సాంచాకు చోటుంది, సాంచా నడిపేవాడికి లేదు

సూరత్ గొప్పతనం చెప్పాలనుకున్నవాళ్లు ముందుగా ఒక లెక్క తీస్తారు. 2011 జనగణన ప్రకారం మహా విశాఖ నగరంలో నూటికి 44 కుటుంబాలు, బృహన్ముంబైలో 41 కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయి. సూరత్‌లో ఆ వాటా పది శాతం దరిదాపుల్లోనే ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి జనం దొరికిన రైలెక్కి పారిపోయిన ఊరది. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు హయాంలో రూపు మార్చుకుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటికి తాపీ నది పొంగి ఊరిలో చాలా భాగం మునిగినా తేరుకుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానం పంచుకుంది. ఇవన్నీ నిజాలే.

ఈ నిజాల వరసలో ఇంకో మాటను కూడా తెచ్చి నిలబెట్టారు. సూరత్ ఇళ్ల సమస్యను దాదాపు గెలిచేసిందట. మిగిలింది వలస కార్మికుల సంగతే. వాళ్లు నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి పోయేవాళ్లు కనుక వాళ్లకిక్కడ ఇల్లు అక్కర్లేదట. ఉండిపోదామనుకున్నవాళ్లకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఉందట, ఈ మధ్యలో ఉన్నవాళ్లకు తక్కువ కిరాయి గదులు బజారులో వాటంతటవే దొరుకుతున్నాయట. బిల్డర్లు ఈ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. అధికారులు అంటున్నారు, పత్రికలు రాస్తున్నాయి, ముప్పై ఏళ్ల కిందట గదిలో ఆరుగురితో సర్దుకుని నేడు సొంత మేడ కట్టుకున్న మన తెలుగు పెద్దలు కూడా అదే అంటున్నారు. ఇందులో ఒక్క వాక్యమూ పరీక్షకు నిలవదు.

తెలుగువాళ్లు దీన్ని పరాయి ఊరి గొడవగా వదిలేయడానికి వీల్లేదు. లింబాయత్, ఉధనా, డిండోలీ, గోడాదరా, పర్వత్ పాటియా పేర్లు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల పద్మశాలీ ఇళ్లలో మేనమామ ఊరి పేరంత మామూలుగా వినిపిస్తాయి. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో కొందరు షోలాపూర్‌కు, కొందరు భీవండికి, కొందరు సూరత్‌కు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, పట్టుకున్నారు. సూరత్ కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. బతుకమ్మ పండుగకు ఆ వాడలు పూలతో నిండుతాయి. పిల్లల భాష దాకా గుర్తించిన నగరం వాళ్ల తండ్రులు ఎక్కడ పడుకుంటున్నారో మాత్రం పట్టించుకోలేదు.

ముందు ఆ పది శాతం లెక్క సంగతి చూడాలి. కనీసం మూడు వందల మంది జనం గానీ, అరవై డెబ్బై కుటుంబాలు గానీ ఒకేచోట నాసిరకం ఇళ్లలో, నీరూ మురుగుపారుదలా సరిగా లేకుండా కిక్కిరిసి ఉంటే జనగణన దాన్ని మురికివాడగా గుర్తిస్తుంది. సూరత్ కార్మికవాడలు ఎక్కువగా ఈ కొలతలో పడవు. ఉధనా, లింబాయత్, పాండేసరా చుట్టూ పొలాలను చిన్న చిన్న ప్లాట్లుగా కోసి, వ్యవసాయేతర అనుమతి లేకుండానే, కాగితం మీద సంతకాలతో అమ్మేశారు. దశాబ్దాలుగా అక్కడ కాలనీలు లేచాయి. వీధి తిన్నగా ఉంటుంది, గోడ ఇటుకది, కప్పు స్లాబుది. పైనుంచి చూస్తే పక్కా ఇల్లే.

లోపలికి పోతే సంగతి వేరు. పన్నెండు అడుగుల వెడల్పు ప్లాటులో కింద యజమాని, లేదా నాలుగు సాంచాలు. బయటి నుంచి నిటారుగా ఇనుప మెట్లు. ఒక్కో అంతస్తులో ముందొక గది, వెనకొక గది. గదిలో ఒక మూల గ్యాస్ పొయ్యి, దాని పక్కనే బిందెలు, పైన అటక మీద ఊరినుంచి తెచ్చిన బియ్యం మూట. దండెం మీది బట్టలు కింద పడుకున్నవాడి ముఖానికి తగులుతుంటాయి. అంతస్తు మొత్తానికి ఒకటే పాయిఖానా. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరినుంచి కొత్తగా వచ్చిన బావమరిది కలిసి అందులోనే కాపురం. తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇట్లాంటి గదుల్లోనే మొదలుపెట్టారు, ఇంకా ఎంతోమంది అక్కడే ఉన్నారు. లెక్కల్లో వీళ్లు మురికివాడ జనం కాదు. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగి లింబాయత్, పర్వత్ పాటియాల పల్లపు వీధుల్లోకి నీళ్లు వచ్చినప్పుడు మాత్రం వార్తల్లోకి వస్తారు.

కుటుంబం తెచ్చుకోలేని మగవాళ్లది ఇంతకన్నా కింది మెట్టు. వాళ్లకు తిండీ, పడకా ఒకేచోట దొరికే మెస్సే ఇల్లు. వేడ్ రోడ్డు, కతార్‌గాం, ఉధనా ప్రాంతాల మెస్సుల్లో ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు, అంటే మన ఇచ్ఛాపురం సరిహద్దుకు అవతలివాళ్లు. అయిదు వందల చదరపు అడుగుల హాలులో అరవైమందిని ఉంచే మెస్సులున్నాయి. సాంచాల పని రెండు పాళీలు, ఒక్కోటి పన్నెండు గంటలు. రాత్రి పాళీ దిగి వచ్చినవాడు పగటి పాళీకి పోయినవాడి చోటులో, ఆ చాప మీదే వాలిపోతాడు. గోడ నిండా మేకులు, మేకుకో సంచి. ఆ సంచి వేలాడే మేకు ఒక్కటే అతనికి సొంతంగా దక్కే చోటు. కరెంటు సెలవు రోజున సాంచాలు ఆగితే రెండు పాళీలవాళ్లూ ఒకేసారి గదిలో ఉండాల్సి వస్తుంది. పడుకోవడానికి చోటు చాలక కొందరు ఆ పూటంతా వీధుల్లో, పార్కుల్లో గడుపుతారు. ఇటుక గోడల మధ్య జరిగేదంతా పక్కా ఇళ్ల లెక్కలోకే పోతుంది కాబట్టి, ఈ మెస్సుల వల్ల పది శాతం లెక్కకు ఏ ఇబ్బందీ రాలేదు.

అదే 2011 లెక్కల్లో ఇంకో అంకె ఉంది, పొగిడేవాళ్లు దాన్ని ఎత్తరు. సూరత్ నగరంలో వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు 756 మంది. వేల ఊళ్లలో భార్యలు, తల్లులు, పిల్లలు అక్కడే ఆగిపోతే ఈ అంకె వచ్చింది. పనికి రమ్మని పిలిచి కుటుంబానికి తలుపు వేసిన నగరాల్లోనే లెక్క ఇట్లా వంకరపోతుంది. ఇళ్ల సమస్యను గెలిచిన ఊరికి ఈ 756 ఎట్లా వచ్చిందో పొగిడేవాళ్లే చెప్పాలి.

ఇక రెండో వాదన, వీళ్లు తాత్కాలికంగా వచ్చినవాళ్లన్నది. డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1962లో దక్షిణ గుజరాత్ కూలీల మీద అధ్యయనం మొదలుపెట్టారు. నిలకడలేని పనుల మధ్య తిరిగే శ్రామికుల గురించి ఆయన రాసిన పుస్తకం 1996లో వచ్చింది. అప్పుడు ఆయన వర్ణించిన బతుకు ఇప్పటికీ ఉంది. ఇన్ని దశాబ్దాలు నడిచిన దాన్ని తాత్కాలికం అంటే ఆ మాటకు అర్థమే లేదు. ఒక మనిషి రెండేళ్లుండి పోవచ్చు. అతను ఖాళీ చేసిన చాప మీద మర్నాడే ఇంకొకడు పడుకుంటాడు. మనుషులు మారుతున్నారు, అవసరం మాత్రం ఎప్పటికీ అక్కడే ఉంది. నగరం ప్రణాళిక వేసుకోవాల్సింది ఆ అవసరానికి. వచ్చే ప్రతి ప్రయాణికుడూ పోయేవాడే అని ఏ ఊరూ రైల్వే స్టేషన్ కట్టడం మానలేదు.

పోయేవాళ్లే అన్న నమ్మకం మన దగ్గర కూడా బలంగా ఉంది. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భీవండి, షోలాపూర్‌లకు పోయిన నేత కార్మికులను తిరిగి రప్పించడం దాని లక్ష్యాల్లో ఒకటని చెప్పారు. వరంగల్‌లో పని దొరకడం మంచిదే, కావాల్సిందే. అయితే లింబాయత్‌లో పుట్టి, సూరత్ బడిలో చదివి, గుజరాతీ మాట్లాడే మూడో తరం పిల్లవాడిని ఎక్కడికి తిరిగి రమ్మంటారు? అతని ఊరు సూరతే. సూరత్‌కు వలస ఆగదన్న సంగతి కేంద్ర ప్రభుత్వానికీ తెలుసు. 2025 సెప్టెంబరులో ఉధనా నుంచి గంజాం జిల్లాలోని బ్రహ్మపూర్‌కు అమృత్ భారత్ రైలు వేసింది. గంజాం నుంచి సూరత్ సాంచాలకు రాకపోకలు ఏటా సాగుతాయని తెలిసే ఆ రైలు వేశారు. రైలు దిగినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది కూడా ఆ లెక్కలో భాగంగానే చూడాలి.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. అందరికీ సొంత ఇల్లు ఇస్తే సమస్య తీరుతుందనేది. వినడానికి ఇంత తియ్యని మాట ఇంకోటి లేదు, అందుకే దాన్ని ఖండించడానికి ఎవరూ ముందుకు రారు. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2022 నాటికి అందరికీ ఇల్లు అని లక్ష్యం పెట్టుకుంది. దేశంలో ఎక్కడైనా కుటుంబ సభ్యుల పేరున పక్కా ఇల్లు ఉంటే ఆ కుటుంబం దానికి అర్హమైంది కాదు. సిరిసిల్ల పక్క పల్లెలో తండ్రి కట్టిన రెండు గదుల ఇంట్లో వాటా ఉన్నవాడి సంగతి ఆలోచించండి. ఆ ఇల్లు ఉన్నచోట పని లేదు, పని ఉన్నచోట ఇల్లు లేదు, పథకం దృష్టిలో మాత్రం అతను ఇల్లున్నవాడు. పల్లెలో ఇల్లు లేనివాడికీ దారి సుగమంగా లేదు. మీటరు లెక్కన కూలి తీసుకునే సాంచా కార్మికుడికి జీతం చీటీ ఉండదు, చాలా కార్ఖానాల రిజిస్టర్లలో పేరే ఉండదు. బ్యాంకు అడిగే ఆదాయ పత్రం ఎక్కడినుంచి తేవాలి? డిపాజిట్ కట్టి, నెలనెలా వాయిదా కట్టే స్తోమత ఎక్కడిది?

దేశమంతటి లెక్క చూసినా ఇదే తేలుతుంది. కేంద్రం వేసిన నిపుణుల బృందం 2012లో పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువగా ఉన్నాయని లెక్కగట్టింది. అందులో దాదాపు 96 శాతం కొరత అతి తక్కువ ఆదాయం, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలదే. అంతకు ముందు ఏడాది జనగణనలో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1.11 కోట్లు. కొరత, ఖాళీ రెండూ ఒకేసారి ఉన్నాయంటే కట్టడంలో లోటు లేదు. ఎవరికోసం, ఎక్కడ, ఏ షరతు మీద కట్టారన్నదే లోపం. సూరత్‌లో తాపీ గట్టు మీది గుడిసెలు తీసేసి జనాన్ని ఊరి ఉత్తరపు అంచున కోసాడ్ ఆవాస్‌కు పంపారు. స్లాబు ఇల్లు దక్కింది, పని మాత్రం ఊరిలోపలే ఉండిపోయింది. మన కొల్లూరులో కూడా ఇదే నమూనా. 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు హైదరాబాద్ అంచున ఉన్నాయి. రోజు కూలికి పోయేవాడు నగరం లోపలి అడ్డాకు చేరడానికే సంపాదనలో కొంత పోగొట్టుకోవాలి.

ఖాళీ ఇళ్లూ, కిరాయి కూలీలూ ఒకేచోట కలిస్తే ఏమవుతుందో 2024 జూలై 6న సూరత్ శివారు సచిన్ దగ్గరి పాలీ గ్రామంలో చూశాం. బహుళ అంతస్తుల భవనం ఒకటి మధ్యాహ్నం కుప్పకూలి ఏడుగురు చనిపోయారు. కట్టి పదేళ్లు కూడా కాలేదు. ముప్పై దాకా ఫ్లాట్లుంటే అయిదింటిలోనే జనం ఉన్నారు. ఉన్నవాళ్లు పక్కనున్న జీఐడీసీ పారిశ్రామికవాడ కార్ఖానాల్లో పనిచేయడానికి వచ్చి కిరాయికి దిగినవాళ్లు. రాత్రి పాళీ చేసి వచ్చి నిద్రపోతున్నవాళ్లూ శిథిలాల కింద పడ్డారు. కొనుక్కునే స్తోమత ఉన్నవాడు కాదని వదిలేసిన చోటే కిరాయివాడికి దొరుకుతుంది. ఆ భవనంలో మనుషులు ఉండొచ్చా లేదా అని ముందే తేల్చాల్సిన అధికారం ఉన్నవాళ్లు తేల్చలేదు.

బజారే చూసుకుంటుందన్న నాలుగో వాదనకు పాలీ ఒక్కటే జవాబు కాదు. తెలుగువాళ్ల చరిత్రలో ఇంకా పాత జవాబు ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కించి దక్షిణాది కూలీలను ఫిజీ దీవులకు పంపారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. చెరకు కంపెనీ ఆ కూలీలను లైన్లు అనే రేకుల కొట్టాల్లో ఉంచింది. గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా భార్యాభర్తలు, పిల్లలు. 1915లో సి.ఎఫ్.ఆండ్రూస్, డబ్ల్యూ.డబ్ల్యూ.పియర్సన్ వెళ్లి చూసి ఆ లైన్ల బతుకును లోకానికి చెప్పారు. దేశం మండిపడింది. 1920 నాటికి ఆ ఒప్పంద కూలీ వ్యవస్థే ముగిసింది.

డెబ్బై చదరపు అడుగుల గదిని ముగ్గురికి పంచితే మనిషికి ఇరవై మూడు అడుగులు. అయిదు వందల అడుగుల మెస్సులో ఒక పాళీ ముప్పై మంది పడుకుంటే మనిషికి పదహారు పైచిలుకు. సెలవు రోజున అరవైమందీ ఉంటే ఎనిమిది. ఒప్పంద కూలీల లైను ఘోరమని మన తాతలు కొట్లాడారు. నూరేళ్ల తరవాత స్వతంత్ర దేశంలో, దేశంలోకెల్లా శుభ్రమైన నగరంలో, అంతకన్నా ఇరుకైన చోటును బజారు సర్దుబాటు అని సమర్థిస్తున్నారు. ఫిజీలో ఆ పనికిమాలిన కొలతైనా చట్టంలో రాసి ఉండేది, ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. సూరత్ మెస్సులో ఎంతమంది ఉండాలి, ఎన్ని కిటికీలుండాలి, ఎందరికి ఒక పాయిఖానా ఉండాలి అని అడిగి తనిఖీ చేసే వ్యవస్థ లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే తగిన వసతి కాంట్రాక్టరు బాధ్యత అని చెప్పింది. రిజిస్టరులో పేరు లేని కార్మికుడికి ఆ చట్టం ఏనాడూ అందలేదు.

దీని పర్యవసానం 2020 వసంతంలో బయటపడింది. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది, సాంచాలు ఆగిపోయాయి. వంతులవారీగా పడుకునే గదుల్లోకి అందరూ ఒకేసారి చేరారు. చేతిలో కూలి లేదు, మెస్సులో తిండికి భరోసా లేదు. ఏప్రిల్ 10న లస్కానాలో కార్మికులు రోడ్డు మీదికి వచ్చారు. ఆ తరవాత వరాఛాలో, మే నెలలో కడోదరా దగ్గరి వరేలీలో మళ్లీ వచ్చారు, పోలీసులతో ఘర్షణలయ్యాయి. ఇంట్లో ఉండండి అని ప్రభుత్వం చెబుతోంది, వాళ్లకు ఉండటానికి ఇల్లంటూ లేదు. అల్లరిమూకలంటూ ముద్రవేసినవాళ్లు ఈ ఒక్క సంగతి చూడలేదు.

ఆ ఒత్తిడితోనే 2020 జూలైలో కేంద్రం అందుబాటు కిరాయి గృహ సముదాయాల పథకం తెచ్చింది. కిరాయి ఇళ్లు అడిగేవాళ్లను నోరు మూయించడానికి ఇప్పుడు దీన్నే చూపిస్తున్నారు: ప్రయత్నించాం, నడవలేదు. ఏం ప్రయత్నించారో చూద్దాం. పాత పథకాల కింద ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్లు దేశంలో ఎనభై వేలకు పైగా ఉంటే, కిరాయికి మార్చినవి 5,648. అందులో చండీగఢ్‌వే 2,195. సూరత్ వాటా 393. సగానికి పైగా జనం వలస వచ్చినవాళ్లే ఉన్న నగరానికి 393 ఇళ్లిచ్చి, కిరాయి పద్ధతి పనికిరాదని తీర్పు చెప్పడం అన్యాయం. ఎవరూ ఉండటానికి ఇష్టపడక మిగిలిపోయిన ఇళ్లను కార్మికుడికి అంటగట్టడమే ఆ పథకంలో మొదటి పద్ధతి. కార్ఖానాకు నడిచి పోయే దూరంలో కొత్తగా కట్టి చూసినట్టయితే ఫలితం గురించి మాట్లాడవచ్చు.

అట్లా కట్టినచోట నడిచింది, నడుస్తోంది. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో 207 చాళ్లు కట్టింది. కిరాయి గదులు, మిల్లులకు దగ్గర. వర్లీ బీడీడీ చాళ్లలో మన పద్మశాలీ కుటుంబాలూ తరాలుగా బతికాయి. గదులు చిన్నవే, పాయిఖానాలు ఉమ్మడివే. అయినా నూరేళ్లపాటు కార్మికుణ్ని నగరం నడిబొడ్డున నిలిపింది ఆ కిరాయి గదే. నేడు ఆ స్థలంలోనే వాళ్లకు కొత్త ఫ్లాట్లు వస్తున్నాయంటే, నాడు అక్కడ చోటు దొరకబట్టి. కేరళలో 2019లో పాలక్కాడ్ జిల్లా కంజికోడ్ పారిశ్రామికవాడలో వలస కార్మికుల కోసం 640 పడకల అప్నా ఘర్ తెరిచారు. వంటకు గదులు, చదువుకోవడానికి చోటు అందులోనే ఉన్నాయి. తమిళనాడులో వల్లం వడగాల్ దగ్గర ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ 18,720 పడకల వసతి భవనాలు కట్టించింది, 2024 ఆగస్టులో ఆడ కార్మికులు అందులో చేరారు. మూడు ప్రభుత్వాలు, మూడు కాలాలు. ప్రభుత్వం పూనుకుంటే కిరాయి వసతి కట్టడం చేతకాని పని కాదని ఇవన్నీ చెబుతున్నాయి.

డబ్బెక్కడిది అని అడుగుతారు. దానికి జవాబు షోలాపూర్ తెలుగు ఆడవాళ్ల దగ్గర ఉంది. అక్కడి బీడీ కార్మికుల్లో ఎక్కువమంది పద్మశాలీ మహిళలు. నర్సయ్య ఆడం నాయకత్వంలో వాళ్లు సంఘం కట్టి, ఏళ్ల తరబడి ఊరేగింపులు తీసి, కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేరున పదివేల ఇళ్లు సాధించారు. 2006లో తాళాలు చేతికొచ్చాయి. అదే దారిలో రాయ్‌నగర్‌లో ముప్పైవేల ఇళ్లకు పూనుకుని, 2024 జనవరిలో పదిహేనువేలు అందుకున్నారు. షోలాపూర్‌లో స్థిరపడిపోయిన కుటుంబాలు కాబట్టి వాళ్లకు సొంత ఇల్లే సరైంది. సూరత్ నేర్చుకోవాల్సింది పద్ధతి. బీడీ పరిశ్రమ మీద 1976 చట్టంతో సెస్సు వేశారు, ఆ నిధితో బీడీ కార్మికుల వైద్యానికీ, ఇళ్లకూ సాయం అందింది. భవన నిర్మాణ కార్మికులకు 1996 నుంచి కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు ఉంది. సూరత్‌లో లక్షల సాంచాలు నడుస్తున్నాయి. రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి దేశమంతటికీ చీరలు పోతున్నాయి. ఆ బట్ట మీద మీటరుకు కొద్ది పైసలు తీస్తే వసతి నిధి అవుతుంది. చట్టం చేయడానికి పూర్వోదాహరణ వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేదు.

స్థలం లేదనే మాట అసలే చెల్లదు. గుజరాత్ పట్టణ ప్రణాళిక చట్టం 1976 ప్రకారం టౌన్ ప్లానింగ్ స్కీములో రైతుల భూములు కలిపి, రోడ్లూ పార్కులూ తీసి, మిగతాది తిరిగి పంచుతారు. వెనకబడినవర్గాల ఇళ్లకు పది శాతం దాకా కేటాయించాలని ఆ చట్టంలోనే ఉంది. 2006లో 112 చదరపు కిలోమీటర్ల ఊరు 326కు పెరిగింది, 2020లో 460 దాటింది. ఇంత నేల కలుపుకున్న నగరం కార్ఖానాల పక్కన కిరాయి గదులకు స్థలం చూపలేదంటే నమ్మలేం. ఖజోద్‌లో 67 లక్షల చదరపు అడుగుల డైమండ్ బోర్స్‌ను 2023 డిసెంబరులో ప్రారంభించారు. వజ్రాల వ్యాపారులు రాకముందే వాళ్లకోసం నాలుగువేల అయిదు వందలకు పైగా ఆఫీసులు సిద్ధం చేశారు. వాళ్లను తెచ్చుకోవడానికి మెట్రో దారి కూడా అటే గీశారు. ఎప్పుడో వచ్చి పని చేస్తున్నవాళ్ల పడకలకు అదే ముందుచూపు చూపమనడం అత్యాశ కాదు.

సొంత ఇంటిని కాదనడం ఈ వాదన ఉద్దేశం కాదు. స్థిరపడిన తెలుగు కుటుంబం ఇల్లు కొనుక్కోవాలి. కాగితం మీద కొన్న ప్లాటును క్రమబద్ధం చేసి, దాని మీద బ్యాంకు అప్పు దొరికేలా చేయాలి. అయితే ఆ మెట్టు ఎక్కేదాకా పదేళ్లో ఇరవై ఏళ్లో కిరాయి గదిలోనే బతకాలి. ఆ ఏళ్లలోనే పిల్లల చదువు, ఆడవాళ్ల ఆరోగ్యం, మగవాడి ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయి. ప్రభుత్వం తన దృష్టినంతా కొనేవాడి మీద పెట్టి, కిరాయివాణ్ని ఇంటి యజమాని దయకు వదిలేసింది.

సూరత్ కార్పొరేషన్ చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. మెస్సులన్నిటికీ లైసెన్సు పెట్టి మనిషికి ఇంత చోటు, ఇన్ని కిటికీలు, ఇంతమందికో పాయిఖానా అని రాసి తనిఖీ చేయాలి. ఆ ఖర్చు కిరాయి మీద పడకుండా సెస్సు నిధినుంచి మెస్సు యజమానికి మరమ్మతు సాయం ఇవ్వాలి. లింబాయత్, పాండేసరా, సచిన్‌లలో టౌన్ ప్లానింగ్ స్థలాలు తీసి కార్పొరేషన్ పేరునే ఉంచి, ఒంటరివాళ్లకు పడకలు, కుటుంబాలకు గదులు కట్టాలి. వాటిని ఎప్పటికీ అమ్మకూడదు. ఊళ్లో పక్కా ఇల్లుందన్న కారణంతో వీటిలో చోటు నిరాకరించకూడదు. కొత్త కార్ఖానాకు అనుమతి అడిగినప్పుడు సాంచాలెన్ని అని అడిగినట్టే, వాటిని నడిపేవాళ్లు ఎక్కడ ఉంటారో కూడా అడిగి రాయించుకోవాలి.

అడగాల్సినవాళ్లు మనవాళ్లే. సూరత్‌లో తెలుగు సంఘాలున్నాయి, కల్యాణ మండపాలున్నాయి, తెలుగు ఓట్లతో గెలిచే కార్పొరేటర్లున్నారు. గుడికీ, పండుగకూ స్థలం అడిగి సాధించుకున్న సంఘాలు ఈసారి కార్పొరేషన్ బడ్జెట్‌కు ముందే స్టాండింగ్ కమిటీకి ఒక వినతిపత్రం ఇవ్వాలి. ఒడియా కార్మికులతో, మరాఠీ, హిందీ కార్మికులతో కలిసి ఇవ్వాలి. కిరాయి వసతికి విడిగా ఒక పద్దు, ఏడాదికి ఇన్ని పడకలు, ఇన్ని గదులు అని అంకెలతో ఒక లక్ష్యం, మెస్సుల తనిఖీకి ఒక గడువు. ఈ మూడూ బడ్జెట్ పుస్తకంలోకి ఎక్కేదాకా సూరత్ ఇళ్ల సమస్యను గెలిచిందని ఎవరు చెప్పినా, పాండేసరా మెస్సులో ఒక సెలవు రోజు గడిపి వచ్చి చెప్పమనాలి.